సీసా నింపిన చెయ్యి

ఒకే కవరులో రెండు ఫొటోలు పెట్టుకుని సోమవారం పొద్దున పదింటికల్లా టీచరమ్మ బడికి వెళ్లింది. రిటైరై పదకొండేళ్లయినా ఆ గేటు దాటగానే ఆమె నడక దానంతటదే వేగమైపోతుంది, ఎక్కడ బెల్లు కొట్టేస్తారోనని. ఇప్పుడు బెల్లు కొట్టే మనిషీ లేడు, అసలా బెల్లూ లేదు. గోడలోంచి ఏదో కూస్తుంది, పిల్లలు పరిగెత్తుతారు.

బడికి అరవై ఏళ్లు నిండుతున్నాయట. పాతికేళ్లకు తగ్గకుండా పనిచేసినవాళ్ల ఫొటోలన్నీ మెట్ల పక్క గోడకు వరసగా పెడతారట. పాఠాలు చెప్పినవాళ్లవే కాదు, తక్కిన పనులు చేసినవాళ్లవి కూడా. ఉత్తరంలో ఆ చివరి వాక్యాన్ని టీచరమ్మ మళ్లీ మళ్లీ చదివింది. ఆమె భర్త అదే బళ్లో సైన్సు ల్యాబ్ అటెండరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. పోయి నాలుగేళ్లయింది. ఏటా తీసే గ్రూపు ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. కుర్చీలు మోసింది ఆయన, పొడుగుపిల్లల్ని వెనక్కి పంపింది ఆయన, అందరూ సర్దుకున్నాక పక్కకి తప్పుకుందీ ఆయనే. ఒక్క గోడ మీదైనా ఆయన తన పక్కన ఉండాలని ఆమె కోరిక. ఈ వయసులో ఆమెకు ఇంతకంటే పెద్ద కోరిక లేదు.

హెడ్మిస్ట్రెస్ చిన్న వయసు మనిషి. లేచి నిలబడి కుర్చీ చూపించింది, టీ తెప్పించింది. టీచరమ్మ ఫొటో తీసుకుని చాలా బావుందంది. రెండో ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి కాస్త నెమ్మదించింది. అది గుర్తింపు కార్డులోది పెద్దది చేయించిన ఫొటో. స్టూడియో వాడు ఎంత గింజుకున్నా మొహమంతా చుక్కలు చుక్కలుగానే వచ్చింది.

"సార్ సర్వీసు పుస్తకం చూశాను మేడం," అంది హెడ్మిస్ట్రెస్, అదేదో తన తప్పే అయినట్టు. "అందులో ఒక మెమో ఉంది. మెమోలు ఉన్నవాళ్లని వద్దని కమిటీ వాళ్లు రూలు పెట్టుకున్నారు. నాకైతే అసలు..."

మాట పూర్తి చెయ్యకుండా అట్టపెట్టెలోంచి ఒక పాత ఫైలు తీసి, మెమోకు ఆధారమైన రిపోర్టును ఇటు తిప్పింది. టీచరమ్మ కళ్లజోడు పెట్టుకోవలసిన పని లేకపోయింది. ఆ రాత తనదే. 'అటెండరు తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల ఎనిమిదో తరగతి విద్యార్థిని కుడిచేతికి తీవ్రమైన గాయమైనది.' కింద సంతకం, తేదీ. ముప్ఫై ఏడేళ్లయినా సిరా వెలిసిపోలేదు. మంచి సిరా వాడడం ఆమెకు అలవాటు.

"ఎంత ముత్యాల్లాంటి అక్షరాలు మేడం మీవి," అంది హెడ్మిస్ట్రెస్, ఏదో ఒకటి మంచిమాట అనాలని.

అప్పుడు చెప్పాల్సింది. గదిలో ఇంకెవరూ లేరు, టీ కూడా ఇంకా వేడిగానే ఉంది. టీచరమ్మ ఆయన ఫొటో మళ్లీ కవరులో పెట్టుకుని, సరేనమ్మా, వస్తానని లేచింది. చెప్పవలసినప్పుడు చెప్పకపోవడమనే విద్యలో ఆమెది మొదటినుంచీ ఫస్టు క్లాసే.

వచ్చేటప్పుడు బడి వీధి చివర పుస్తకాల కొట్టు మలుపు దగ్గర ఆగింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఇద్దరూ కలిసే బడికి వెళ్లారు. ఆయన చదివించాడు, ఆయనే దరఖాస్తు తెచ్చాడు, ఆయన పనిచేసే బళ్లోనే ఉద్యోగం వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? నాలుగో రోజున స్టాఫు రూములో ఎవరో, మొగుడు సీసాలు కడుగుతాడు, పెళ్లాం పాఠం చెబుతుంది, బావుంది జోడీ అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వలేక నవ్వింది. ఆ మాట ఆయనకెవరు చెప్పారో తెలియదు. మర్నాటి నుంచి ఈ మలుపు రాగానే ఆయన చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఆమె పదడుగులు ముందుకు వెళ్లాక నడిచేవాడు. సాయంత్రం మళ్లీ ఇదే మలుపు దాటాక వచ్చి పక్కన కలిసేవాడు. వెనక నడవమని ఆమె ఏనాడూ అనలేదు. నిజమే. పక్కన నడవమనీ అనలేదు.

బళ్లో ఆయన ఆమెను మేడం గారూ అనేవాడు. ఆ అలవాటు ఒక్కోసారి ఇంటిదాకా వచ్చేసేది. మేడం గారూ, కాస్త ఉప్పు ఇలా అందిస్తారా అనేవాడు అన్నం ముందు కూర్చుని. కూతురు పడీపడీ నవ్వేది. అప్పుడు ఆయన నాలిక కరుచుకుని, తల్లీకూతుళ్లిద్దరూ కలిసి నాకు మెమో ఇవ్వండి అనేవాడు. మెమో వచ్చాక మాత్రం ఆ హాస్యం మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

ఆ సాయంత్రం కూతురు పోస్టాఫీసు నుంచి వచ్చీ రాగానే విషయం అడిగింది. కౌంటరులో రోజంతా జనంతో వేగి వచ్చేది కాబట్టి ఆమెకు సగం మాటలు సరిపోతాయి. మెమో అనగానే తల ఊపింది.

"తెలుసులే అమ్మా. నేను ఎనిమిదో తరగతికి వచ్చేదాకా నన్ను యాసిడ్ అటెండరు కూతురనేవాళ్లు. ఒకసారి నాన్ననే అడిగాను, నిజమేనా అని. చూసుకోలేదమ్మా అన్నాడు. అంతే."

ఇంతకాలమూ ఈ పిల్ల ఈ మాట తనలోనే దాచుకుంది. టీచరమ్మ నోరు తెరిచింది. నువ్వు ఆవేళ జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుంటే ఆయన సగం రోజు సెలవు పెట్టి నీ పక్కన కూర్చున్నాడు, అందుకని ల్యాబులో సీసాలు నేను నింపాను అని చెబితే ఈ పిల్ల ఏం చేస్తుంది? నా జ్వరం వల్లనా అంటుంది. వేరేవాళ్లయితే అనరేమో, ఇది అంటుంది. తండ్రి పోలిక. తెరిచిన నోటితోనే టీచరమ్మ, చెయ్యి కడుక్కునిరా, అన్నం పెడతానంది.

*

మంగళవారం మళ్లీ వెళ్లింది. ఈసారి కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది, కూర్చుంటే మళ్లీ టీ వస్తుందని, టీ వస్తే ధైర్యం పోతుందని.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను నీళ్లలో కలిపి పలచన చేసి, పిల్లల బల్లల మీద పెట్టే చిన్న సీసాల్లో పోయాలి. పలచన చేసినదాన్ని సజలం అంటారు. రోజూ ఆయన చేసే పని అది. ముందు నీళ్లు, ఆ తర్వాత యాసిడ్, సన్నటి ధారగా, గాజుకడ్డీతో కలుపుతూ. సీసాకు కాగితం అంటించి దాని మీద కొవ్వొత్తి రుద్దేవాడు, యాసిడ్ చుక్క పడినా అక్షరం చెరిగిపోకూడదని. ఆవేళ పరీక్షలకు ముందు ప్రాక్టికల్సు. ఆయన లేడు. మొదటి పీరియడు నడుస్తుండగా పక్కగదిలోకి వెళ్లి తనే నింపింది. నాలుగు సీసాలు సరిగ్గానే నింపింది. ఐదోదానికి ఎవరో వచ్చి పిలిచారు. తిరిగి వచ్చి, ఏది కలిపిందో ఏది కలపలేదో చూసుకోకుండా గాఢ యాసిడ్‌నే సజలం అని రాసివున్న సీసాలో పోసి మూత పెట్టింది. మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చేతులు కడుక్కుని ఆ సీసానే తీసుకుని వరసలో పిల్లల టెస్టు ట్యూబుల్లో పోయడం మొదలుపెట్టాడు. మొదటి ట్యూబులో ఉన్న నీళ్లు మరిగిపోయి పైకి చిమ్మి, దాన్ని పట్టుకున్న పిల్ల చేతి మీద పడ్డాయి.

ఇదంతా టీచరమ్మ పాఠం చెప్పినట్టు వరసగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. చెప్పనిది ఒక్కటే. ఆయన ఆ పిల్ల చేతిని కుళాయి కింద పట్టుకుని, రెండో చేత్తో సీసాను ఒకసారి ఎత్తి దించాడు. గాఢ యాసిడ్ బరువు. ఏళ్ల తరబడి సీసాలెత్తిన మనిషికి లేబులు చదవనక్కర్లేదు. ఎత్తి దించి, తలెత్తి, గది అవతల నిలబడ్డ ఆమె చేతుల వైపు చూశాడు. మొహం వైపు చూడలేదు. అప్పటి హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చేసరికి, నేనే సార్, చూసుకోకుండా పోశాను అన్నాడు. ఆమె ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ల్యాబు బాధ్యత ఆమెది కనక రిపోర్టు ఆమే రాయాలన్నారు. తెల్లకాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది ఆయన. రాసింది ఆమె. మడిచి ఆఫీసు గదికి మోసుకెళ్లిందీ ఆయనే, ఎందుకంటే కాగితాలు మొయ్యడం అటెండరు పని.

హెడ్మిస్ట్రెస్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"మా అమ్మ కూడా ఇంతే మేడం. నాన్న ఏం చేసినా నేనే చేశాననేది. ఆఖరికి గ్లాసు పగిలినా."

"నేను కల్పించి చెప్పడం లేదమ్మా."

"మీరు రాసిన రిపోర్టు ఉంది. సార్ ఒప్పుకుంటూ పెట్టిన సంతకం ఉంది. అవన్నీ అబద్ధాలు, ఇప్పుడు మీరు చెప్పేదే నిజమంటే కమిటీలో ఎవరు వింటారు? ఒక్క ఫొటో కోసం మిమ్మల్ని మీరు ఇంత తగ్గించుకోకండి. నేను మాట్లాడతాను. ఏదో ఒకటి చేస్తాను. సరేనా?"

సరే కాదని చెప్పడానికి టీచరమ్మకు దారి కనిపించలేదు. ఎన్ని ఏళ్లు పిల్లలకు చెప్పింది, రాసిందే లెక్క, నోటిమాట లెక్కలోకి రాదని. తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఇదేనని ఇంటికి వస్తూ అనుకుంది. పైగా ఆ గొయ్యి ఎంత నీటుగా తవ్విందో.

*

ఇక మిగిలిన సాక్షి ఒక్కతే. ఆ ఎనిమిదో తరగతి పిల్ల.

క్లాసులో అందరూ ఆమెను పిచ్చుక అనేవాళ్లు, అంత సన్నగా ఉండేది, అంతగా వాగేది. ఇప్పుడు యాభై ఏళ్లు దాటిన మనిషి. బస్సులు ఆగే చోట ఆమెకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. టీచరమ్మకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అద్దాలు మార్చుకోవలసి వచ్చినప్పుడల్లా రెండు వీధులు ఎక్కువ నడిచి ఇంకో దుకాణానికి వెళ్లేది.

బుధవారం మధ్యాహ్నం వెళ్లేసరికి పిచ్చుక సానరాయి ముందు కూర్చుని అద్దం అంచు అరగదీస్తోంది. కుడిచేతి మీద చర్మం మణికట్టు నుంచి వేళ్లదాకా మెరుస్తూ ముడతలుపడి ఉంది. చివరి రెండు వేళ్లూ సగం మడతలోనే ఉండిపోయాయి. మిగిలిన మూడింటితో అద్దాన్ని పట్టుకుని, తిప్పి, ఫ్రేములో పెట్టి చూసి, మళ్లీ అరగదీస్తోంది. పని ఆపకుండానే, రండి టీచర్, కూర్చోండి అంది, నిన్న మొన్న కూడా వచ్చిన మనిషితో అన్నట్టుగా.

టీచరమ్మ కూర్చుంది. గాజు అరల్లో వరసగా పెట్టిన ఫ్రేములు అన్నీ తన వైపే చూస్తున్నట్టు అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలు.

"నిన్న హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది," అంది పిచ్చుక. "అంతా చెప్పింది. మీరు ఏమన్నారో కూడా చెప్పింది."

"నేను అన్నది నిజం. ఆ సీసా నింపింది నేను."

సానరాయి ఆగింది. పిచ్చుక అద్దాన్ని గుడ్డతో తుడిచింది. తుడవవలసినదానికంటే ఎక్కువసేపు తుడిచింది. ఆమె నమ్మిందని టీచరమ్మకు తెలిసిపోయింది. పిల్లల మొహాలు చదవడం మర్చిపోయే విద్య కాదు.

"ఆయన ఎదురుపడితే నేను వీధి దాటి అవతలికి వెళ్లేదాన్ని టీచర్," అంది చివరికి. "కొన్నాళ్లకు ఆయనే నన్ను దూరం నుంచి చూసి ముందుగా దాటేసేవారు, నాకా శ్రమ లేకుండా. మా నాన్న ఆయన్ని మా గుమ్మంలో చెంప మీద కొట్టారు. నేను చూశాను. అప్పుడు నాకు బాగా అనిపించింది. ఐదేళ్ల కిందట ఒకరోజు ఆయన ఇక్కడికి వచ్చారు. మీరు కూర్చున్న చోటే కూర్చున్నారు. ఏమీ అనలేదు. కళ్లు పరీక్ష చేశాను, అద్దాలు బిగించాను. ఈ చెయ్యి ఆయన మొహానికి ఇంత దగ్గరగా పెట్టి చెవుల వెనక సరిచేశాను. వెళ్లేటప్పుడు, మెట్టు ఉంది, జాగ్రత్త అన్నాను. అంతే అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజుతో నా మనసులోంచి అదంతా పోయింది. ముప్ఫై రెండేళ్లు పట్టింది టీచర్ నాకు, ఆ ఒక్క మాట అనడానికి."

టీచరమ్మకు ఆ రోజు గుర్తుంది. ఆయన కొత్త అద్దాలు పెట్టుకుని వచ్చి, తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయో అని పిల్లాడిలా సంబరపడ్డాడు. ఏ దుకాణంలో కొన్నాడో చెప్పలేదు. ఆమె అడగలేదు.

"ఇప్పుడు మీరొచ్చి అది ఆయన కాదు, నేనంటే," పిచ్చుక ఆమె కళ్లలోకి చూసింది, "నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. నాకంత ఓపిక లేదు. మీకూ అంత టైము లేదు. ఆయన్ని నాకు వదిలెయ్యండి టీచర్. శనివారం నేను వస్తున్నాను. నేను క్షమించానని నా నోటితో చెబితే ఫొటో పెడతామన్నారట. చెబుతాను."

ఆ మాటలో కోపం ఉందో జాలి ఉందో టీచరమ్మకు అర్థం కాలేదు. బేరం మాత్రం అర్థమైంది. ఫొటో కావాలంటే ఆయన దోషిగానే గోడెక్కాలి. వద్దంటే ఆయన ఎక్కడా ఉండడు. ఆయనను అడిగితే, ఏదైనా ఒకటేలెండి మేడం గారూ అంటాడు. అలా అంటాడని తెలిసే ఆమెకు గుండె మండింది. అడిగినా అడక్కపోయినా తన మాటే సాగనిచ్చిన మనిషిని, ఒక్కసారి కూడా అడగకుండానే ఇన్నేళ్లు కాపురం చేసింది. వద్దు, ఫొటో పెట్టొద్దు అని చెప్పడానికి గురువారం ఒకసారి, శుక్రవారం రెండుసార్లు హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేసింది. ఏర్పాట్ల హడావిడిలో ఉన్నాం మేడం, మీరేమీ దిగులు పెట్టుకోకండి, మీరు సంతోషించే కబురే అని ఆమె ఫోన్ పెట్టేసింది.

*

శనివారం హాలు నిండిపోయింది. పాత పిల్లలు, వాళ్ల పిల్లలు, కమిటీ వాళ్లు. గోడ మీద ఫొటోలకు ఒకే పొడవాటి తెల్లగుడ్డ కప్పి ఉంచారు. కూతురు తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. తండ్రి ఫొటో పెడుతున్నారని పొద్దుననే కబురొచ్చింది. అప్పటినుంచి కూతురు మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూశాక టీచరమ్మ ఇంట్లో నోరు మెదపలేకపోయింది.

గుడ్డ తీశారు. ఆమె ఫొటో, దాని పక్కన ఆయన ఫొటో, చుక్కల మొహంతో, ఒకే సైజు ఫ్రేముల్లో. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగివుంటే బావుండేది. హెడ్మిస్ట్రెస్ మైకు తీసుకుంది. మంచి మనిషి, మంచి మనసుతోనే చెప్పింది. ముప్ఫై ఏడేళ్ల కిందట ల్యాబులో ఏం జరిగిందో, అటెండరు చేతిలో ఎలాంటి పొరపాటు దొర్లిందో, ఒక చిన్నపిల్ల చెయ్యి ఏమైందో చెప్పింది. హాల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్లు కూడా మర్చిపోయారు. ఇప్పుడు అందరూ మెడలు సాచి ఆయన ఫొటో వంక చూశారు. వెనక వరసలో ఒకావిడ తన పిల్ల చేతిని ఒళ్లోకి లాక్కుంది.

"అయినా ఆ తప్పును భార్యగా ఈ రోజుకీ తన మీద వేసుకోవాలని చూస్తున్నారు మన మేడం," అంది హెడ్మిస్ట్రెస్. "అంత గొప్ప దాంపత్యం."

పిచ్చుక స్టేజీ ఎక్కి, ఆ కుడిచేత్తోనే మైకు పట్టుకుంది. నేను ఆయన్ని ఎప్పుడో క్షమించాను, ఆ మాటే చెప్పడానికొచ్చాను అంది. టీచరమ్మ వైపు ఒక్క క్షణం చూసి, దిగి వెళ్లి వెనక కూర్చుంది. చాలామంది కళ్లు ఒత్తుకున్నారు. కూతురు తల్లి చెవి దగ్గరకు వంగి, ఇక నాన్నకు ఏ మచ్చా లేదమ్మా అంది.

రెండు మాటలు చెప్పమని మైకు తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టారు. ఆమె లేచి నిలబడింది. ఇన్నాళ్లూ ఫైలు అడుగున ఒక కాగితం మీద, ఎవరి కంటా పడకుండా ఉన్న ఆ వాక్యాన్ని తవ్వి తీసి ఊరందరికీ వినిపించింది తనే. ఆయన ముప్ఫై మూడేళ్లు మోసి, మోసి, తనతోపాటు తీసుకుపోయినదాన్ని తనే వెనక్కి తెచ్చి ఆయన మొహాన పెట్టింది. కూతురు తలెత్తి తన వైపే చూస్తోంది. చూస్తే చూడనీ.

"ఆ సీసా నింపింది నేను," అంది టీచరమ్మ మైకులో. "ఆయన కాదు. ఆ రిపోర్టులో రాసిందంతా అబద్ధం."

హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ముందు వరస లేచి నిలబడింది, దాని వెనక రెండో వరస. అల్లరి చేసే క్లాసు సద్దుమణిగేదాకా ఆగినట్టే టీచరమ్మ ఆగింది. వాళ్లు ఆగలేదు. కూతురు కూడా లేచి నిలబడి, కళ్లనీళ్లతో, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది.